సౌర విద్యుత్తు, హామ్ రేడియో – 3వ పాఠం: తీగలు యాంటెనాలు కాకుండా ఆపడం

మొదటి పాఠంలో ఇన్వర్టర్ లోపల రేడియో రొద ఎలా పుడుతుందో చూశాం. రెండవ పాఠంలో రిసీవర్‌ను బ్యాటరీ మీద నడుపుతూ, ఇంటి మెయిన్ ఆపి, ఒక్కొక్క పరికరాన్ని తిరిగి ఆన్ చేసి ఆ రొద ఎక్కడిదో తేల్చుకున్నాం. ఆ పరీక్ష ఇంకా చేయని వారు దయచేసి ముందు అది పూర్తి చేయండి. మూలం తెలియకుండా ఫెరైట్ కోర్లు (రొదను అడ్డుకోవడానికి తీగ మీద తొడిగే, అయస్కాంత గుణమున్న సిరామిక్ రింగులు) కొంటే డబ్బు వృథా. పక్కింటి ఎల్ఈడీ దీపం చేసే రొదకు మీ ఇన్వర్టర్ తీగల మీద ఎన్ని కోర్లు వేసినా ఫలితం ఉండదు.

ఈ పాఠంలో నేర్చుకునేది చోక్ చుట్టడం, అంటే తీగను ఫెరైట్ కోర్‌లోంచి తిప్పి రొదకు అడ్డుకట్ట వేయడం. దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎన్ని చుట్లు వేయాలి, పని చేసిందో లేదో ఎలా కొలవాలి అన్నవి కూడా ఇందులోనే వస్తాయి.

మన తెలుగు హామ్‌లకు, అంటే లైసెన్సుతో రేడియో నడిపే ఔత్సాహికులకు, ఈ విద్య ఇప్పుడెందుకు అత్యవసరమో ఒక్క మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ల పైకప్పుల మీద సౌర ఫలకాలు. మీ ఇంట్లో లేకపోయినా మీ వీధిలోకి అవి రావడం ఖాయం. రాష్ట్రం లోపల మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరం మాట్లాడుకోవడానికి పగటిపూట మనకు ఆధారం 40 మీటర్ల బ్యాండు, అంటే 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్. సౌర పరికరాల రొద కూడా సరిగ్గా పగటిపూటే ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసినప్పటిలాంటి రోజు మళ్లీ వస్తే, బలహీనమైన సిగ్నల్ ఒక్కటి వినగలగడమే ఒక ఊరికి సాయం అందడానికీ అందకపోవడానికీ మధ్య తేడా కావచ్చు. సౌర విద్యుత్తును తప్పుపట్టాలని నేను ఇది చెప్పడం లేదు. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మన సెట్లను నడిపేది కూడా ఆ ఫలకాలే. రెండూ ఒకే మేడ మీద కలిసి బతకాలి, బతకగలవు.

ముందుగా జాగ్రత్త

ఈ పాఠాన్ని మీ చేతులతో చేయవలసింది 12 వోల్టుల చిన్న వ్యవస్థ మీద మాత్రమే: 100 వాట్ల ప్యానెల్, 10 ఆంపియర్ల ఎంపీపీటీ (ప్యానెల్ నుంచి గరిష్ఠ శక్తిని రాబట్టే) ఛార్జ్ కంట్రోలర్, ఒక బ్యాటరీ. పైకప్పు మీది పెద్ద వ్యవస్థ జోలికి మీరు స్వయంగా వెళ్లకండి. 540 వాట్ల ప్యానెళ్లు ఆరింటిని వరుసగా కలిపితే తీగ చివర దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. ఎండ ఉన్నంతసేపూ ఉంటుంది, స్విచ్ ఆపినా ప్యానెల్ వైపు అది పోదు. ఏసీ సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి నిప్పురవ్వ లేచినా త్వరగా ఆరిపోతుంది. డీసీకి ఆ అవకాశం లేదు, లోడ్ మీద ఉన్న కనెక్టర్‌ను లాగితే ఆర్క్ మండుతూనే ఉంటుంది. అక్కడ చోక్ వేయవలసి వస్తే, ఆ వ్యవస్థను బిగించిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ఏసీ వైపు ఎంసీబీ, ఆ తర్వాత డీసీ ఐసోలేటర్ ఆపించి, ఆయన చేతనే చేయించండి. ఏం చేయాలో ఆయనకు స్పష్టంగా చెప్పగలగడానికి మీకు ఈ పాఠం కావాలి.

పెట్టె కాదు, తీగ

సౌర ఫలకం తనంతట తాను నిశ్శబ్దమైనది. రొద పుట్టేది ఛార్జ్ కంట్రోలర్‌లో, ఇన్వర్టర్‌లో, కొన్ని వ్యవస్థల్లో ఒక్కో ప్యానెల్ ఉత్పత్తిని విడిగా సర్దేందుకు దాని వెనుక బిగించే ఆప్టిమైజర్‌లో. వాటిలోని ట్రాన్సిస్టర్లు సెకనుకు వేల సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. 20 కిలోహెర్ట్జ్ వేగంతో పనిచేసే ఇన్వర్టర్‌కు 350వ హార్మోనిక్ (ఆ వేగానికి 350 రెట్ల పౌనఃపున్యం) సరిగ్గా 7 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. అంత దూరపు హార్మోనిక్‌లో శక్తి చాలా తక్కువే. కానీ మన రిసీవర్ వెతికేది కూడా అంతే బలహీనమైన సిగ్నళ్లను.

ఇన్వర్టర్ పెట్టె అడుగున్నర, రెండడుగులు ఉంటుంది. 40 మీటర్ల తరంగదైర్ఘ్యం ముందు అది చాలా చిన్నది, తనకు తాను పెద్దగా ప్రసారం చేయలేదు. దానికి తగిలించిన తీగల సంగతి వేరు. 7.1 మెగాహెర్ట్జ్‌కు హాఫ్‌వేవ్ డైపోల్ (తరంగదైర్ఘ్యంలో సగం ఉండే తీగ యాంటెనా) పొడవు సుమారు 20 మీటర్లు. రెండంతస్తుల ఇంటి మేడ మీది ప్యానెళ్ల నుంచి కింద మీటరు పక్కనున్న ఇన్వర్టర్ దాకా దిగే తీగ పొడవు కూడా ఇంచుమించు అంతే. ఎవరూ అనుకోకుండానే అక్కడొక యాంటెనా తయారైంది. మన పనంతా దాన్ని యాంటెనాగా పనిచేయకుండా ఆపడం.

తీగల్లో రొద రెండు విధాలుగా పారుతుంది. ప్లస్ తీగలో వెళ్లి మైనస్ తీగలో తిరిగి వచ్చేది డిఫరెన్షియల్ మోడ్. రెండు తీగలూ దగ్గరగా ఉంటే వాటి క్షేత్రాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, ప్రసారం తక్కువ. రెండు తీగల్లోనూ ఒకే దిశలో పారి, ప్యానెల్ ఫ్రేము, ఎర్త్ తీగ, గోడ, నేల మీదుగా తిరిగి వచ్చేది కామన్ మోడ్. ప్యానెల్ లోపలి సెల్స్‌కూ అల్యూమినియం ఫ్రేముకూ మధ్య ఉండే కెపాసిటెన్స్ దానికి దారి ఇస్తుంది. ఇక్కడ రద్దు చేసుకోవడానికి ఎదురు కరెంటు పక్కన లేదు. కాబట్టి మన బ్యాండును చెడగొట్టే దానిలో ఎక్కువ భాగం సాధారణంగా ఇదే.

ఏ రకమో తెలుసుకునే పరికరం

కొనాల్సిన పని లేదు. తెరిచి మూసే క్లిప్ రకం ఫెరైట్ కోర్ ఒకటి తీసుకోండి. దాని ఒక సగానికి సన్నని ఇన్సులేటెడ్ తీగ అయిదారు చుట్లు చుట్టి, రెండు కొసలను కోయాక్స్ కేబుల్‌కు (యాంటెనాను సెట్‌కు కలిపే తొడుగు కేబుల్) టంకం వేయండి. కోయాక్స్ రెండో కొస రిసీవర్‌కు. ప్రసారం చేయగల సెట్ వాడుతుంటే మైకు, కీ రెండూ ఊడదీసి పక్కన పెట్టాలి. పొరపాటున మీట నొక్కితే చేతిలో ఉన్న ప్రోబ్ మీదికి సెట్ పవరంతా వస్తుంది.

ఇప్పుడు క్లిప్‌ను కంట్రోలర్ నుంచి వచ్చే ఒక్క తీగ చుట్టూ మూసి, రిసీవర్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ చూడండి. తర్వాత ప్లస్, మైనస్ రెండింటినీ కలిపి దాని లోపల ఉంచి చూడండి. రెండూ కలిసి ఉన్నప్పుడు డిఫరెన్షియల్ భాగం రద్దై, కామన్ మోడ్ మాత్రమే కనిపిస్తుంది. రీడింగ్ తగ్గకపోయినా, కాస్త పెరిగినా కామన్ మోడ్‌దే పైచేయి. అంటే చోక్ పనిచేస్తుంది. బాగా పడిపోతే డిఫరెన్షియల్ ఎక్కువ ఉందన్నమాట. అప్పుడు చోక్ కన్నా ముందు రెండు తీగలను మెలిపెట్టి ఒకదానికొకటి ఆనించి నడపాలి. మన దగ్గర చాలా మేడల మీద ప్లస్ తీగ ఒక గోడ వెంట, మైనస్ తీగ ఎదురు గోడ వెంట దిగి కనిపిస్తాయి. ఆ రెండింటి మధ్య మొత్తం మేడ వైశాల్యమంత లూప్ యాంటెనా ఏర్పడుతుంది. ప్యానెళ్లను బిగించే రోజునే తిరుగు తీగను వరుస వెంటే వెనక్కి తెమ్మని చెబితే రూపాయి ఖర్చు లేకుండా సగం సమస్య పోతుంది. కొత్తగా సౌర ఫలకాలు పెట్టించుకునే ప్రతి హామ్ అడగవలసిన మొదటి కోరిక ఇది.

ఇదే ప్రోబ్‌తో ప్యానెల్ తీగ, బ్యాటరీ తీగ, లోడ్ తీగ (కంట్రోలర్ నుంచి సెట్‌కు వెళ్లేది), ఎర్త్ తీగ అన్నిటినీ వరుసగా చూసి, ఏది ఎక్కువ మోస్తోందో రాసుకోండి. మొదటి చోక్ ఆ తీగకే.

కోర్ ఎంపిక

3.5 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా మనకు పనికొచ్చేది 31 మిక్స్ ఫెరైట్ (మిక్స్ అంటే ఫెరైట్ పదార్థపు రకం). 43 మిక్స్ పై బ్యాండ్లలో బాగుంటుంది, 80 మీటర్ల దగ్గర దాని బలం తగ్గుతుంది. పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లో దొరికే, పసుపు రంగులో ఒక ముఖం తెల్లగా ఉన్న రింగులను దీనికి వాడకండి. అవి ఐరన్ పౌడర్ కోర్లు, ఫెరైట్ కావు. చూడటానికి ఒకేలా ఉన్నా ఈ పనిలో దాదాపు ఏమీ అడ్డుకోవు. గుర్తు తెలియని కోర్ చేతికొస్తే నానో వీఎన్ఏతో (ఇలాంటి భాగాలను పరీక్షించే చిన్న కొలత పరికరం) కొలవకుండా నమ్మవద్దు.

పరిమాణం: బయటి వ్యాసం 61 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 35.5 మిల్లీమీటర్లు ఉన్న టొరాయిడ్ (రింగు ఆకారపు కోర్) హామ్‌లలో బాగా వాడుకలో ఉంది. దాన్నే తీసుకుని లెక్క వేద్దాం.

చుట్ల లెక్క

కోర్ రంధ్రం గుండా తీగ ఒక్కసారి వెళితే ఒక చుట్టు. అడ్డుకునే శక్తి చుట్ల సంఖ్య వర్గానికి అనుపాతంలో, కోర్ల సంఖ్యకు మామూలు అనుపాతంలో పెరుగుతుంది. తీగ మీద పది క్లిప్ కోర్లు వరుసగా తొడిగితే 10 పాళ్లు వస్తుంది. అదే తీగను ఒకే కోర్‌లోంచి ఏడు సార్లు తిప్పితే 49 పాళ్లు. క్లిప్పులు బారుగా తగిలించి ఫలితం లేదని నిరాశపడేవారికి కారణం ఇక్కడే ఉంది.

4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ కేబుల్ బయటి మందం దాదాపు 6 మిల్లీమీటర్లు. కోర్ లోపలి అంచు వెంట అలాంటి తీగలు ఒక పొరలో 15 వరకు పడతాయి. మనం రెండేసి తీగలు కలిపి చుడతాం కాబట్టి ఏడు చుట్లే గరిష్ఠం. సన్నని తీగతో 12 చుట్లు వేయగలిగితే 144 పాళ్లు వచ్చేది. ఏడు చుట్లతో అంత కావాలంటే మూడు కోర్లు పేర్చండి: 49 ఇంటూ 3, అంటే 147. లావు తీగకు మార్గం ఇదే.

ఈ వర్గాల లెక్క అంతులేకుండా సాగదు. చుట్లు పెరిగే కొద్దీ వాటి మధ్య కెపాసిటెన్స్ పెరిగి, ఒక పౌనఃపున్యం దాటాక రొద చుట్లను వదిలేసి నేరుగా దాటిపోతుంది. 80, 40 మీటర్లకు 10 నుంచి 14 చుట్లు సుమారుగా సరిపోతాయి. 15, 10 మీటర్లకు చుట్లు తగ్గించి కోర్లు పెంచడం మేలు. చుట్ల ప్రారంభాన్నీ చివరనూ పక్కపక్కన ఉంచకండి. కోర్ చుట్టుకొలతలో కనీసం ఒక వేలెడు ఖాళీ వదలండి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: ప్లస్, మైనస్ రెండూ ఒకే కోర్‌లో, ఒకే దిశలో కలిసి చుట్టాలి. రెండు తీగల్లో డీసీ ఎదురెదురుగా పారుతుంది కాబట్టి కోర్ లోపల దాని అయస్కాంత ప్రభావం సున్నా. ఒక్క తీగనే చుడితే పెద్ద ప్యానెళ్ల 13 ఆంపియర్ల కరెంటు ఏడు చుట్లలో 91 ఆంపియర్ టర్న్‌లు అవుతుంది. కోర్ సంతృప్తమై చోక్‌గా పనిచేయడం మానేస్తుంది.

ఏసీ వైపు కూడా ఇదే పద్ధతి: ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ కలిపి. ఎర్త్‌ను బయట వదిలేస్తే రొద ఆ దారి పట్టుకుంటుంది. అయితే ఎర్త్ తీగ మందం తగ్గించకూడదు, ఎక్కడా తెంపకూడదు.

ఎక్కడ పెట్టాలి

గండి పడిన చోటే మట్టి వేయాలి, కాలువ పొడవునా కాదు. చోక్ స్థానం రొద పుట్టే పెట్టె పక్కనే, వీలైతే అడుగు దూరం లోపల. పెట్టెకూ చోక్‌కూ మధ్య మిగిలే ప్రతి అడుగు తీగ ప్రసారం చేస్తూనే ఉంటుంది. ఆప్టిమైజర్లు ఉన్న ఇంట్లో రొద పుట్టేది మేడ మీద, ప్రతి ప్యానెల్ వెనుక. అక్కడ కింద ఇన్వర్టర్ దగ్గర వేసిన చోక్ ఒక్కటీ చాలదు, ప్యానెళ్ల వరుస రెండు కొసల్లోనూ కావాలి. ఇది కష్టమైన పని. అందుకే నీడ సమస్య లేని పైకప్పుకు ఆప్టిమైజర్లు లేని వ్యవస్థనే ఎంచుకోమని హామ్‌లకు నా గట్టి సలహా.

మీ సెట్ వైపు కూడా చోక్‌లు వేయండి. డైపోల్ మధ్యలో ఒకటి, కోయాక్స్ ఇంట్లోకి వచ్చే చోట ఒకటి. కోయాక్స్ పైతొడుగు మీదుగా వచ్చే ఇంటి రొదను అవి ఆపుతాయి. యాంటెనాను ప్యానెళ్ల నుంచి వీలైనంత దూరం జరపండి.

అభ్యాసం

మబ్బులేని మధ్యాహ్నం ఎంచుకోండి. మబ్బు వచ్చి పోతుంటే ఎంపీపీటీ తన పని మార్చుకుంటూ రొదను కూడా మారుస్తుంది, కొలతలు పోల్చలేం. సెట్‌లో నాయిస్ బ్లాంకర్, ప్రీయాంప్ ఆపి, 40 మీటర్లలో ఎవరూ మాట్లాడని ఒక చోటు చూసుకుని, ప్యానెల్ కలపకముందు, కలిపాక, చోక్ వేశాక మూడు రీడింగులు కొద్ది నిమిషాల వ్యవధిలో రాసుకోండి. ప్రమాణం ప్రకారం ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్స్. చాలా సెట్ల మీటర్లు కింది భాగంలో అంతకన్నా తక్కువకే కదులుతాయి కాబట్టి, వీలున్నవారు వాటర్‌ఫాల్ చిత్రాన్ని (బ్యాండులోని సిగ్నళ్లను తెర మీద గీతలుగా చూపేది) కూడా దాచుకోండి. సమాన దూరాల్లో గుబ్బలుగా కనిపించే గీతల మధ్య ఎడం ఎన్ని కిలోహెర్ట్జ్ ఉంటే, మీ కంట్రోలర్ స్విచింగ్ వేగం సాధారణంగా అంతే.

ప్రోబ్‌లో తీగల మధ్య పెద్ద తేడా కనిపించకపోతే ముందుగా లోడ్ తీగకు చోక్ వేయండి, ఎందుకంటే అది నేరుగా మీ సెట్‌లోకే వస్తుంది. తర్వాత ప్యానెల్ తీగకు, చివరగా బ్యాటరీ తీగకు. ఒక చోక్ వేశాక రొద మారకపోతే దాన్ని వెంటనే తీసేయకండి. నీళ్లు కారే మూడు రంధ్రాలలో ఒకటి మూసినట్టు, మిగతా దారులు తెరిచి ఉన్నంతవరకు దాని ఫలితం చెవికి వినిపించకపోవచ్చు. మూడూ వేశాక ఒక్కొక్కటి తీస్తూ మళ్లీ కొలిస్తే దేని వాటా ఎంతో తెలుస్తుంది.

నాలుగవ పాఠంలో ఈఎంఐ ఫిల్టర్లు, ఏసీ ఫిల్టర్‌ను డీసీ తీగలో ఎందుకు వాడకూడదు, ఫిల్టర్‌లోని కెపాసిటర్లు ఇన్వర్టర్ లీకేజీ రక్షణను ఎలా ట్రిప్ చేస్తాయి, మన 100 వాట్ల ప్రసారం ఎదురుగా ఇన్వర్టర్‌ను ఆపేస్తే ఏం చేయాలి అన్నవి నేర్చుకుందాం. అప్పటిలోగా మీ ఇన్వర్టర్ పక్కనున్న లేబుల్ మీది గరిష్ఠ డీసీ వోల్టేజీ, డీసీ కరెంటు, ఏసీ కరెంటు రాసి పెట్టుకోండి. దాని పత్రాల్లో సిస్పర్ 11 (పరికరాల రేడియో రొదకు హద్దులు పెట్టే అంతర్జాతీయ ప్రమాణం) క్లాస్ ఏ అని ఉందో, నివాసాలకు ఉద్దేశించిన క్లాస్ బి అని ఉందో కూడా చూసి ఉంచండి. ఫిల్టర్ ఎంపిక ఆ అంకెలతోనే మొదలవుతుంది.