వానలకు ముందు కుండీ నిమ్మకు చేయాల్సిన పనులు

కుండీలో నిమ్మ పెంచేవాళ్ల టెన్షన్ అంతా ఎండాకాలంలోనే. కానీ ఎండకు వాడిన చెట్టు నీళ్లు పోస్తే చాలావరకు సాయంత్రానికి తేరుకుంటుంది. వానలకు వేరు కుళ్లిందంటే మాత్రం బతికించుకోవడం కష్టం. నా మొదటి చెట్టు అలాగే పోయింది. నాలుగు రోజుల ముసురు తర్వాత ఆకులు వేలాడుతూ కనిపిస్తే, దాహమేసిందేమో అనుకుని ఇంకో చెంబు పోశాను. గాలి అందని వేరు నీళ్లు పీల్చలేదని, బురదలో ఉన్న చెట్టు కూడా ఎండినట్టే వాలిపోతుందని అప్పటికి తెలియదు.

అందుకే ఇప్పుడు ఆకుల కంటే ముందు కుండీ అడుగు చూస్తాను. వానలకు మూడు నాలుగు వారాల ముందే కుండీకి అంచు దాకా నీళ్లు పోసి, అక్కడే నిలబడి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో కింద నుంచి ధార రావాలి. పైన మడుగులా నిలిచి, కింద చుక్కలు చుక్కలుగా కారుతుంటే కుండీని పక్కకు వంచి రంధ్రాలు చూడండి. చాలాసార్లు వేర్లే చుట్టలు చుట్టుకుని బిరడాలా మూసేసి ఉంటాయి. అలా ఉంటే ఒక సైజు పెద్ద కుండీలోకి మార్చాలి. ముసురు పట్టాక కాదు, ఇప్పుడే. కొత్త మట్టిలో వేర్లు కుదురుకోవడానికి టైమ్ కావాలి కదా. అడుగున గులకరాళ్లు పరవమని అందరూ చెబుతారు, నేను పరవను. నీరు ఆ రాళ్ల పైన ఉన్న మట్టిలోనే ఆగిపోతుంది, వేర్లకు చోటూ తగ్గుతుంది. ముతక ఇసుకో, పెర్లైటో (తేలికైన తెల్ల గుల్ల రాళ్లు) మట్టిలోనే కలపడం మేలు. కింద పళ్లెం తీసేసి, కుండీని రెండు ఇటుకల మీదకి ఎక్కించండి.

అంటు కట్టిన చోటు మట్టికి బెత్తెడు పైనే ఉండాలి. ఎండుటాకులు కప్పి ఉంటే మొదలు చుట్టూ నాలుగు వేళ్ల మేర లాగేయండి. అక్కడ ఎప్పుడూ తడి ఉంటే ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి బెరడును కుళ్లబెడుతుంది, తేనె రంగు బంక కారుతుంది.

ఇక గజ్జి తెగులు. ఆకు మీద, కాయ మీద గరుకుగా ఉబ్బిన గోధుమ రంగు మచ్చ, ఆకు మీదైతే దాని చుట్టూ పసుపు వలయం. ఇది బ్యాక్టీరియా వల్ల వస్తుంది. చినుకు చిందినప్పుడల్లా పక్క ఆకుకు అంటుతుంది. కాబట్టి పొడిగా ఉన్న రోజు చూసుకుని మచ్చలున్న రెమ్మలు కత్తిరించండి. ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌తో తుడవండి, కోసినవి కంపోస్టులో వేయకండి. తర్వాత కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, గ్లౌజులూ మాస్కూ వేసుకుని, ఆకులు రెండు వైపులా తడిసేలా కొట్టాలి. ఉన్న మచ్చలు దీంతో పోవు, కొత్తవి తగ్గుతాయంతే.

లేత ఆకుల్లో వెండి గీతలు మెలికలు తిరిగి కనిపిస్తే అది ఆకును తొలిచే పురుగు. ఆ గాయాల్లోంచే గజ్జి తేలిగ్గా లోపలికి దిగుతుంది. చిగుళ్లు వచ్చేటప్పుడు లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వానల ముందు యూరియా జోలికి పోకండి. విపరీతంగా వచ్చే లేత చిగురు ఈ పురుగుకి విందు భోజనం, మిగిలిన యూరియా వానకు కొట్టుకుపోతుంది. ఆకు మీద పిట్ట రెట్టలా కనిపించేది కదిలిందంటే అది సీతాకోకచిలుక పిల్లపురుగు. ముట్టుకుంటే తల దగ్గర రెండు నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. మనల్ని ఏమీ చేయదు, చేత్తో తీసేయొచ్చు. పెద్ద చెట్టయితే నేను వదిలేస్తాను.

కొమ్మలు కోశాక, కాయలు పిండాక చేతులు కడుక్కోకుండా ఎండలోకి వెళ్లకండి. నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు లేచే ప్రమాదం ఉంది.

ముసురు పట్టిన రోజుల్లో వీలైతే కుండీని చూరు కిందకి జరపండి. వాన వెలిశాక ఆకులు వాలినట్టు కనిపిస్తే ముందు మట్టిలోకి రెండు కణుపుల దాకా వేలు గుచ్చండి. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేయండి.