హరికేన్ వెళ్లాక ఫ్లోరిడా ఊట గుహల్లో డైవ్‌కి దిగొచ్చా? ఎలా తేల్చుకోవాలి?

హరికేన్ దాటిపోయి మూడు రోజులైంది, ఎండ ఫెళ్లున కాస్తోంది, ట్యాంకులు నిండి ఉన్నాయి, శనివారం వేరే పనేమీ లేదు. ఉత్తర ఫ్లోరిడాలో కేవ్ డైవింగ్ చేసేవాళ్లకి కాళ్లు ఆగనిది సరిగ్గా ఇప్పుడే. కానీ ఆకాశం తేటపడింది కదా అని గుహ కూడా తేటపడదు, చాలాసార్లు దాని కష్టం అప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే ఎగువన కురిసిన వాన ఇంకా నదిలో నడిచి వస్తూనే ఉంటుంది.

ఇదంతా ఫుల్ కేవ్ శిక్షణ పూర్తి చేసినవాళ్ల కోసం. మామూలు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో వరద లేని రోజున కూడా గుహలోకి వెళ్లకూడదు.

1. ముందు నీళ్లు ఎటు పోతున్నాయో అర్థం చేసుకోండి

రెండు బకెట్లని అడుగున ఒక పైపుతో కలిపారనుకోండి. దేంట్లో నీటిమట్టం ఎక్కువుంటే దాంట్లోంచి రెండో దాంట్లోకి నీళ్లు పోతాయి. ఇక్కడ ఒక బకెట్ ఫ్లోరిడన్ అక్విఫర్, అంటే నేల కింద సున్నపురాయిలో నిండి ఉన్న భూగర్భ జలం. రెండోది సువానీ నదో, శాంటా ఫే నదో. మధ్యలో పైపు మీరు దిగే గుహ. మామూలు రోజుల్లో భూగర్భ జలమే ఎత్తులో ఉంటుంది కాబట్టి గుహలోంచి అద్దంలాంటి నీళ్లు, సుమారు 22 డిగ్రీలవి, బయటికి తన్నుకొస్తాయి.

వరదకి నది మట్టం భూగర్భ జలాన్ని మించిపోతే ఊట తిరగబడుతుంది. ఆకులూ చెట్లూ నానిన డికాక్షన్ రంగు నది నీళ్లు గుహలోకి దిగిపోతాయి, వాటితో పాటు బురద, ఆకులు, పుల్లలు. డైవర్లు దీన్నే సైఫన్ అవుతోంది అంటారు. తిరగబడనక్కర్లేదు, రెండు మట్టాలూ సమానమైనా చాలు, ప్రవాహం ఆగిపోయి లోపలి బురద కదలకుండా అక్కడే వేలాడుతూ ఉంటుంది.

2. హరికేన్ కేటగిరీ చూడకండి, నది మట్టం కొలిచే గేజ్ చూడండి

కేటగిరీ గాలి వేగాన్ని చెబుతుంది, వాన ఎంత పడుతుందో చెప్పదు. 2024 ఆగస్టులో స్టైన్‌హాచీ దగ్గర తీరం దాటిన డెబ్బీ కేటగిరీ 1 మాత్రమే, అయినా సువానీ పరీవాహకాన్ని వరదలో ముంచింది. (డెబ్బీ అనే పేరుకి ఈ ప్రాంతంతో ఏదో పాత బాకీ ఉన్నట్టుంది, 2012లో అదే పేరుతో వచ్చిన ట్రాపికల్ స్టార్మ్ లైవ్ ఓక్ ఊళ్లోకి నీళ్లు తెచ్చింది.) 2017లో ఇర్మా హరికేన్ తర్వాత శాంటా ఫే ఎంత పొంగిందంటే, ఐ-75 హైవేని మూయాల్సి రావచ్చని అధికారులు ముందే హెచ్చరించారు.

సువానీ పుట్టేది జార్జియాలోని ఓకెఫెనోకీ చిత్తడి నేలల్లో. దాంట్లో కలిసే విత్లకూచీ, అలపాహా నదులు కూడా జార్జియా నుంచే వస్తాయి. అక్కడ పడ్డ వాన మీ ఊట దాకా రావడానికి రోజులు పడుతుంది, ఒక్కోసారి వారాలు కూడా. అందుకే యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ), సువానీ రివర్ వాటర్ మేనేజ్‌మెంట్ డిస్ట్రిక్ట్ పెట్టే నది మట్టాల గ్రాఫులు తెరిచి, మీ ఊటకి దగ్గరున్న గేజ్‌నీ, దానికి ఎగువనున్న గేజ్‌నీ పక్కపక్కనే చూడండి. ఎగువ గీత ఇంకా పైకే పోతుంటే మీ దగ్గర దిగిపోయినట్టు కనిపించినా నమ్మొద్దు.

3. ఏ ఊటకి ఎంత టైమ్ ఇవ్వాలి

అన్నీ ఒకేలా కోలుకోవు. గిన్నీ స్ప్రింగ్స్‌లో డెవిల్స్ ఇయర్ లాంటి చోట ప్రవాహం బలంగా ఉంటుంది కాబట్టి, నది దిగాక లోపల చేరిన మురికిని అదే బయటికి నెట్టేసుకుంటుంది. నది ఓ మోస్తరుగా పెరిగినప్పుడు అక్కడ విచిత్రంగా ఉంటుంది, పైన గోధుమరంగు పొరలోంచి చేతులు కూడా కనపడకుండా దిగుతారు, ఒక్కసారిగా కింద స్వచ్ఛమైన నీళ్లు, తలెత్తి చూస్తే పైకప్పంతా కాషాయం. పీకాక్ స్ప్రింగ్స్ అలా కాదు, ప్రవాహం మెల్లగా ఉంటుంది, ఒకసారి నది లోపలికొచ్చిందంటే తేటపడడానికి వారాలు, నెలలు పట్టొచ్చు. సువానీ చుట్టుపక్కలన్నీ మునిగినప్పుడు చాలామంది మరియానా దగ్గర జాక్సన్ బ్లూ ఊటకి కారు తిప్పేది ఇందుకే, అది నది ఒడ్డున కాకుండా మిల్ పాండ్ చెరువులో ఉంది.

4. ఒడ్డున ఆకు పరీక్ష

ఇది నాకు బాగా నచ్చిన పద్ధతి. గేర్ వేసుకోకముందే ఊట కాలువ దగ్గరికెళ్లి, ఒక ఎండుటాకు నీళ్లలో వేసి రెండు నిమిషాలు చూడండి. నది వైపు పోతే మంచిదే. కదలకుండా అక్కడే తిరుగుతుంటే అనుమానించండి. మీ వైపు, గుహ నోటి వైపు వస్తోందా, సామాన్లు మళ్లీ కార్లో పెట్టేయండి. గాలికి కూడా ఆకు కదులుతుంది కాబట్టి, నీళ్ల అడుగున నాచు ఎటు వాలిందో కూడా చూసుకోండి.

5. గ్యాస్ లెక్క

మూడో వంతు రూల్ అందరికీ తెలిసిందే: ట్యాంకులోని గ్యాస్‌లో (పీల్చే గాలిలో) ఒక వంతు లోపలికి, ఒక వంతు బయటికి, ఒక వంతు అత్యవసరానికి. ఇది ప్రవాహం బయటికి వస్తున్నప్పుడు హాయిగా పనిచేస్తుంది, వెళ్లేటప్పుడు పడ్డ కష్టం వచ్చేటప్పుడు తేలిపోతుంది. అదే తిరగబడిన గుహలో లెక్క వేయండి. ట్యాంకులో 3,600 పీఎస్ఐ ఒత్తిడితో దిగారు, ప్రవాహమే తోసుకెళ్లింది, 1,200 వాడి వెనక్కి తిరిగారు. ఇప్పుడు ఎదురీదాలి, గ్యాస్ రెట్టింపు పట్టిందంటే 2,400 అక్కడికే సరి. తోడు వచ్చిన డైవర్ రెగ్యులేటర్ (ట్యాంకులోంచి గాలి అందించే పరికరం) చెడిపోతే ఇద్దరికీ లేదు. సైఫన్ అవుతున్న గుహలోకి అసలు దిగొద్దనే చెబుతాను. వరద తర్వాత మొదటి డైవ్‌లో, ప్రవాహం బయటికే ఉన్నా సరే, మూడో వంతు దాకా పోకుండా ముందే తిరగండి.

6. లోపల: పాత గుహ అనుకోవద్దు

వంద సార్లు వెళ్లిన గుహైనా కొత్తదే అనుకోండి. దారి తప్పకుండా గుహలో కట్టి ఉంచిన తాడు, అంటే శాశ్వత గైడ్‌లైన్, తెగి ఉండొచ్చు, ఇసుక కింద పూడి ఉండొచ్చు, వదులై ఇరుకు పగుళ్లలోకి జారి ఉండొచ్చు. బయటి నుంచి మీ సొంత రీల్‌తో తాడు వేసుకుంటూ వెళ్లి దానికి కట్టండి. పాత తాడుని రెండు వేళ్లతో మెల్లగా తాకి చూడండి. దాని మీద పేరుకున్న బురద పొగలా లేచిందంటే, గోడల మీదా పైకప్పు మీదా కూడా అదే ఉంది, మీ బుడగలు తగలగానే నెత్తిన రాలుతుంది. తాడు మీద దారి చూపే బాణాలు ఎటున్నాయో చేత్తో తడిమి చెప్పగలరా అని కళ్లు మూసుకుని ఒకసారి చూసుకోండి, ఈ రోజు అవసరం పడొచ్చు. గుహ నోటి దగ్గర కొత్తగా కూలిన రాళ్లు, అడ్డంపడ్డ దుంగలు ఉంటే అక్కడితో ఆగిపోండి.

7. మర్చిపోయేవి

కరెంటు లేనప్పుడు కంప్రెసర్లు జనరేటర్ మీద నడుస్తాయి. ఆ పొగ గాలి లోపలికి పీల్చుకునే గొట్టం దగ్గరికొస్తే ట్యాంకులో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు. ఎక్కడ నింపించారో అడగండి, ఆ వాయువుని పసిగట్టే ఎనలైజర్ ఉంటే పెట్టి చూడండి. వరద నీళ్లలో సెప్టిక్ ట్యాంకుల మురుగు కలుస్తుంది కాబట్టి ఒంటి మీద గాయాలుంటే ఆ వారం మానేయండి. పార్క్ తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. బయటికొచ్చాక రెగ్యులేటర్లని మంచినీళ్లలో ఎప్పటికన్నా ఎక్కువసేపు నానబెట్టండి, ఆ సన్నటి బురద ఎండిందంటే వదలదు.