థీసిస్ రాత మొదటి సెమిస్టర్ నుంచే: పీహెచ్‌డీ స్కాలర్లకు ఒక పద్ధతి

‘ముందు పని అవనీ, రాయడం ఎంతసేపు’ అనే మాట ప్రతి ల్యాబులోనూ వినిపిస్తుంది. నాలుగో ఏడాది చివర్లో రాయడానికి కూర్చుంటే సొంత నోట్‌బుక్కే అర్థం కాదు. ఆ రోజు బఫర్ ఎందుకు మార్చారో, సర్వేలో ఆ రెండు ఊళ్లు ఎందుకు వదిలేశారో గుర్తుండదు.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ప్రతి సెమిస్టర్‌లోనూ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని వివరించి, క్లుప్తంగా రిపోర్టు ఇవ్వాలి. చాలామందికి ఇది సంతకాల తంతు. దీన్నే మీ రాతకు గడువుగా పెట్టుకోండి. ప్రతి మీటింగ్‌కూ థీసిస్‌లో పనికొచ్చే ఎనిమిది, పది పేజీలు సిద్ధం కావాలి. అందుకు రోజుకు 45 నిమిషాలు చాలు, అదీ ఫోన్, మెయిల్ తెరవకముందు. 200 పదాలు పడితే ఆ రోజు పని అయినట్టే.

చదివిన ప్రతి పేపర్‌కీ ఐదు వరుసల నోట్ రాయండి: ఏం అడిగారు, ఎలా చేశారు, ఏం తేలింది, నాకెక్కడ అనుమానం, నా ఏ చాప్టర్‌లో వాడతాను. అయితే పేపర్ మూసేశాకే రాయాలి. తెరిచి పెట్టుకుని రాస్తే వాళ్ల వాక్యాలే మీ నోట్సులోకి, అక్కడి నుంచి థీసిస్‌లోకి వచ్చేస్తాయి. కాపీ అని పట్టుబడే కేసుల్లో కావాలని చేసినవే కాదు, ఇలా జారిపోయినవీ ఉంటాయి. రిఫరెన్సులు మొదటి రోజు నుంచే జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోండి. అది దానంతటది తెచ్చుకున్న పేర్లు, సంవత్సరాలు మాత్రం ఒకసారి సరిచూడాలి. తెలుగువాళ్ల పేర్లలో ఇంటిపేరు ఏదో దానికి తెలియదు.

చాప్టర్లు వరుసగా రాయాలని లేదు. ముందు మెథడ్స్ రాయండి, అదీ ప్రయోగం నడుస్తున్న వారంలోనే. సెంట్రిఫ్యూజ్ (నమూనాలను గిరగిరా తిప్పి వేరుచేసే యంత్రం) వేగం ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో రాస్తే, రోటర్ వ్యాసార్థం తెలియని మరో ల్యాబు దాన్ని తిరిగి చేయలేదు. ‘జీ’ల్లో, అంటే భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలమో రాయండి, పక్కన నిమిషాలు, ఉష్ణోగ్రత ఇవ్వండి. సర్వే అయితే ఎంతమందిని అడిగారు, ఎంతమంది కాదన్నారు, ఏ నెలల్లో అడిగారు అన్నవి రాయండి. తర్వాత రిజల్ట్స్. బొమ్మలు, పట్టికలు బల్ల మీద వరుసగా పరచి, ఒక్కోదాని కింద అది చెప్పేదేమిటో ఒకే వాక్యంలో రాయండి. ఆ వాక్యాలే చాప్టర్‌కు ఎముకల గూడు. వాక్యం రాయలేకపోతే ఆ పట్టిక అక్కడ అక్కర్లేదు. ఆ తర్వాత డిస్కషన్, ఇంట్రడక్షన్. అన్నిటికన్నా చివర అబ్‌స్ట్రాక్ట్.

వాక్యం దగ్గరికి వద్దాం. ‘పట్టిక 4ను పరిశీలించగా వివిధ మోతాదుల వద్ద వివిధ ఫలితాలు పొందబడినట్లు గమనించబడినది.’ ఇందులో ఏ మందో, ఎంతో, ఏమైందో లేదు. దీన్నే ఇలా రాయవచ్చు (లెక్కలు ఊహించినవే): ‘లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె కలిపి కొట్టిన మళ్లలో ఏడో రోజుకు ఆకుకు సగటున 6 పచ్చదోమల నుంచి 2కు తగ్గాయి, 3 మి.లీ. వేసిన మళ్లలో తేడా లేదు (పట్టిక 4).’ చదివేవాడు పట్టిక వెతుక్కోనక్కర్లేదు. ఇంగ్లిష్‌లో రాసినా జబ్బు ఇదే, మందూ ఇదే.

మనకు ఇంకో చిక్కుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి షరతులన్నీ ముందు పేర్చి అసలు మాట ఆఖర్న చెప్పడం మనకు అలవాటు. ఇంగ్లిష్‌లో అసలు మాట ముందు పెట్టి, 25 పదాలు దాటిన వాక్యాన్ని రెండు చేయండి. ‘ఆల్‌దో’తో మొదలుపెట్టి మధ్యలో ‘బట్’ వేయడం, ‘డిస్కస్ అబౌట్’, ‘ఎక్విప్‌మెంట్స్’, ‘ఎవిడెన్సెస్’: ఈ తప్పుల కోసం ప్రతి డ్రాఫ్ట్‌లో విడిగా వెతకండి. వాక్యం ఎంతకీ తెగకపోతే, చెప్పదలచుకున్నది తెలుగులో రెండు వరుసల్లో రాసి చూడండి. అక్కడా తెగకపోతే సమస్య ఇంగ్లిష్‌ది కాదు, ఆలోచన ఇంకా తేలలేదు.

గైడ్‌కు 60 పేజీలు పంపి ‘సార్, కాస్త చూడండి’ అంటే అది రెండు నెలలు ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది. నాలుగైదు పేజీలు పంపి, మెయిల్లో రెండు ప్రశ్నలు అడగండి: ఈ వాదన నిలుస్తుందా, పట్టిక 4 ఇక్కడ అవసరమా. పంపేముందు ప్రతి పేరాలో మొదటి వాక్యాలు మాత్రమే వరుసగా చదవండి. కథ తెగిందంటే పేరాల వరుస తప్పింది. తర్వాత పైకి చదవండి, నాలుక తడబడ్డ చోట కత్తిరించండి.

సిమిలారిటీ సంగతి, అంటే మీ రాత ఇతరుల రాతతో ఎంత శాతం కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చెప్పే లెక్క. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే గరిష్ఠంగా 6 నెలల్లోపు సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అలాగని 10 శాతం మనకిచ్చిన కోటా కాదు. రిపోర్టులో 3 శాతమే వచ్చినా, అది ఒకరి పేరా మొత్తంగా దిగినదైతే కాపీయే. మాటకు మాట పర్యాయపదం మార్చినా వాక్యం నడక దొరికిపోతుంది, పైగా అర్థం చెడుతుంది. లైబ్రరీలో వీలుంటే చాప్టర్ చాప్టర్‌కూ చెక్ చేయించండి.

మాట్లాడటానికి కొలత గడియారమే. 15 నిమిషాల టాక్‌కు 12 స్లైడ్లు మించొద్దు. లిటరేచర్ రివ్యూకు ఏడు నిమిషాలు పోతే మీ ఫలితాలకు చివరి మూడు నిమిషాలే మిగులుతాయి. మొదటి నిమిషన్నర మాటలు మాత్రం బట్టీ పట్టండి, వణుకు ఉండేది అప్పుడే. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన త్రీ మినిట్ థీసిస్ పోటీ మంచి కసరత్తు: 3 నిమిషాలు, కదలని ఒకే స్లైడ్. ఇంగ్లిష్‌లో 400 పదాలు దాటిందంటే పరుగెత్తాల్సిందే. అదే మూడు నిమిషాలు ఇంట్లో అమ్మకో, పక్క డిపార్ట్‌మెంట్ స్నేహితుడికో తెలుగులో చెప్పండి. వాళ్లు ‘అయితే ఏంటి?’ అన్న చోటే మీ ఇంట్రడక్షన్ బలహీనంగా ఉంది. వారానికి 4 నుంచి 6 గంటల ట్యుటోరియళ్లు, ల్యాబ్ క్లాసులు ఇస్తే తప్పించుకోకండి. డిగ్రీ పిల్లలంత నిర్మొహమాటంగా ఆవలించే శ్రోతలు ఇంకెక్కడా దొరకరు.

ప్రశ్న వచ్చినప్పుడు మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి. అడిగినాయన ఉద్దేశం అదో కాదో తేలుతుంది, మీకూ నాలుగు సెకన్లు దొరుకుతాయి. తెలియకపోతే ‘అది పరీక్షించలేదు, చేయాలంటే ఇలా చేస్తాను’ అనండి. ప్రతి టాక్‌లో ఒక స్నేహితుడిని ప్రశ్నలు ఒక ఫైల్లో రాసిపెట్టమనండి, వేదిక మీద ఉన్నవాడికి ఒక్కటీ గుర్తుండదు. జర్నల్ రివ్యూయర్ల వ్యాఖ్యలూ అదే ఫైల్లో వేయండి. వైవాకు పదిరోజుల ముందు ఆ ఫైలు తీసి, ఒక్కో ప్రశ్న పక్కన థీసిస్‌లో జవాబున్న పేజీ నంబరు వేసుకోండి. నంబరు పడని ప్రశ్నలతో చదవడం మొదలుపెట్టండి.