ఓడలో ఫార్మల్ నైట్‌కి టక్సీడో కొనకండి

బరంపురం నుంచి పిల్లల దగ్గరికి విదేశాలకి వెళ్ళి, అక్కణ్ణుంచి క్రూజ్ ఎక్కేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. ఓడలో ఫార్మల్ నైట్ అని ఉంటుంది, అంటే అందరూ దర్జాగా ముస్తాబై భోజనానికొచ్చే రాత్రి. దానికోసం మొన్న మా బావ ‘టక్సీడో (బో టైతో వేసుకునే నల్లటి విందు సూటు) ఎక్కడ కుట్టిస్తార్రా?’ అని కంగారుపడ్డాడు. ‘నీ బీరువాలో రిసెప్షన్ సూటుంది కదా బావా’ అన్నాను.

ఏడు రాత్రుల ప్రయాణంలో ఈ ఫార్మల్ నైట్లు మామూలుగా ఒకటో రెండో. చాలా ఓడల్లో ముదురు రంగు సూటూ టైతో పని జరిగిపోతుంది. క్యూనార్డ్ లాంటి పట్టింపున్న కంపెనీ కూడా గాలా రాత్రికి (వాళ్ళ ఫార్మల్ నైట్ పేరు అది) టక్సీడోనే కావాలనదు, సూటుకి టై కట్టినా చాలంటుంది. అదీ బరువనుకుంటే బఫేలో తినేయొచ్చు. పట్టుపంచె కండువా మీద మనసుంటే మాత్రం జాతీయ దుస్తులు ఒప్పుకుంటారో లేదో ముందే కంపెనీని అడగండి. నా ఓటు దానికే!

అసలు చిక్కు ఇస్త్రీది. నిప్పు భయంతో గదిలోకి ఇస్త్రీపెట్టె రానివ్వరు. కోటుని లోపలివైపుకి తిప్పి, భుజాల్లో బనియన్లు కూరి మడవండి. ఎక్కగానే హ్యాంగరుకి తగిలించి, వేడినీళ్ళ స్నానం చేసేటప్పుడు బాత్రూంలోనే వేలాడదీయండి. ఆవిరికి ముడతలు చాలావరకు సర్దుకుంటాయి. నల్లబూట్లు మరిచిపోవద్దు, మా బావ శాండల్స్ సర్దుకున్నాడు.