నడుము నొప్పి కాలిలోకి దిగిందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బాగా వచ్చే రోజుల్లో మా ఫిజియోథెరపీ గదికి హమాలీలు ఎక్కువగా వస్తారు. నాట్ల కాలంలో ఆడవాళ్లు వస్తారు. చేతిలో ఎమ్మారై ఫిల్ము, ముఖంలో ‘డిస్కు జరిగిందట’ అన్న భయం. డిస్కంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు. ఫిల్ము పక్కన పెట్టి, నొప్పి ఎక్కడిదాకా పోతోందో వేలితో చూపించమంటాను. ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా చాలామంది ఫిల్ముల్లో డిస్కు ఉబ్బు కనిపిస్తుంది.

సమస్య: నొప్పి నడుములోనే ఉంది, మోకాలు దాటదు

ఇది ఎక్కువగా కండరాలు, కీళ్లు, డిస్కుల మీద పడిన భారం వల్లే. మంచం పట్టొద్దు. పడుకున్నకొద్దీ నడుము బిగుస్తుంది. వేడి కాపడం పెట్టుకుని, ఓర్చుకోగలిగినంత నడవండి. 12 వారాలు దాటితే దీర్ఘకాలిక నొప్పి అంటాం. అప్పటికి నరాలే సున్నితమైపోతాయి, నిద్రలేమి, టెన్షన్ దాన్ని ఇంకా పెంచుతాయి. రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ చేసే వ్యాయామమే దీనికి అసలు మందు. నొప్పి లేచినప్పుడల్లా సూది వేయించుకోవడం, నెలల తరబడి నొప్పి బిళ్లలు మింగడం చూస్తే నాకు బాధేస్తుంది. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఓ హమాలీ అన్నతో ఖాళీ బకెట్ ఎత్తించి చూశాను. పాదాలు కదలలేదు, నడుము ఒక్కటే తిరిగింది. బస్తాతోనూ రోజంతా అదే చేస్తున్నాడు. బరువు ఒంటికి దగ్గరగా పట్టుకుని, పాదాలతో తిరగాలి. నాట్లేసే అక్కలు మధ్యమధ్య నిటారుగా లేచి, నడుము మీద చేతులు పెట్టి నాలుగైదుసార్లు వెనక్కి వంగాలి.

సమస్య: పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా కరెంటు షాకులా లాగుతోంది

దగ్గినా తుమ్మినా కాలు ఝల్లుమంటే సయాటికా కావచ్చు. ఎక్కువగా నడుము కింది రెండు డిస్కుల్లో ఒకటి బయటికి పొడుచుకొచ్చి నరం వేరును నొక్కుతుంది. కాలి బొటనవేలు పైకి లేవకపోతే ఎల్5 అనే నరం వేరు, మునివేళ్ల మీద నిలబడలేకపోతే ఎస్1 అనే నరం వేరు దెబ్బతిని ఉండొచ్చు.

చాలామందికి ఇది 6 నుంచి 12 వారాల్లో తగ్గుతుంది. పొడుచుకొచ్చిన ముక్కను చాలాసార్లు శరీరమే కరిగించుకుంటుంది. వ్యాయామానికి గుర్తు ఒకటే: చేస్తుంటే నొప్పి కాలి నుంచి నడుము వైపు పైకి వస్తే మంచిది, చేస్తూ ఉండండి. పాదం వైపు దిగితే ఆపేయండి. వెన్నులో వేసే స్టెరాయిడ్ సూది కొన్నాళ్ల ఉపశమనమే. వారాలు గడిచినా కాలి నొప్పి తగ్గకపోయినా, బలహీనత పెరుగుతున్నా ఆపరేషన్ గురించి ఆలోచించాలి. ఆపరేషన్ కాలి నొప్పిని తొందరగా తగ్గిస్తుంది, నడుము నొప్పికి మాత్రం అంత భరోసా లేదు.

సమస్య: నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి, ముందుకు వంగి కూర్చుంటే హాయి

60 దాటినవాళ్లలో వెన్నులో నరాల దారి ఇరుకైతే ఇలా ఉంటుంది. వంగి చేసే వ్యాయామాలు, సైకిల్ తొక్కడం మేలు చేస్తాయి.

సమస్య: వయసు 40 లోపే, పొద్దున అరగంటకు పైగా నడుము బిగుసుకుని, తిరిగితే వదులవుతోంది

ఇది బరువుల వల్ల వచ్చింది కాకపోవచ్చు. కీళ్లవాతం డాక్టరుకు చూపించండి.

ఆగకూడని సమస్య

మూత్రం రాకపోయినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం వేలాడినా అదే రాత్రి ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. తెల్లారాక చూద్దామని ఆగితే మూత్రం మీద పట్టు మళ్లీ రాకపోవచ్చు.