బోర్డుకు రియల్‌టైమ్ కోడ్ కంపైల్ చేసే ముందు జర ఇవి చూస్కోన్రి

హన్మకొండ రూములల్ల ప్రాజెక్టు చేసే తమ్ముళ్లూ చెల్లెండ్లూ, లాప్‌టాప్‌ల కంపైల్ చేసి రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్ బోర్డు) మీద రియల్‌టైమ్ కోడ్, అంటే టైముకు కచ్చితంగ పని చెయ్యాల్సిన కోడ్, నడపాలంటే ముందుగాల బోర్డుల ఉన్నది 32 బిట్టా 64 బిట్టా చూడుర్రి, యూనేమ్ (uname -m) కమాండ్ కొడితే వచ్చింది ఒక్కటే నమ్మొద్దు, కెర్నల్ 64 ఉండి మీద సిస్టమ్ 32 ఉంటది ఒక్కోసారి, గెట్‌కాన్ఫ్ లాంగ్‌బిట్ (getconf LONG_BIT) కమాండ్‌తోని అసలుది తెలుస్తది.

టూల్‌చెయిన్‌ల (లాప్‌టాప్‌ల కంపైల్ చేసే టూల్స్‌ల) ఉన్న జీలిబ్‌సీ (ప్రోగ్రాంలకు కావాల్సిన సీ లైబ్రరీ) బోర్డు దానికంటే కొత్తదైతే ప్రోగ్రాం లేవకపోవచ్చు, అందుకే బోర్డు లైబ్రరీలు, హెడర్లు తెచ్చుకొని సిస్‌రూట్‌గ (కంపైలర్ వాటిని వెతికే ఫోల్డర్‌గ) పెట్టుర్రి, ఇది మాత్రం అస్సలు వదలొద్దు.

64 బిట్ ఆర్మ్‌కు ప్రీఎంప్ట్ ఆర్‌టీ (లినక్స్‌ను రియల్‌టైమ్ చేసేది) 6.12 వెర్షన్ నుంచి మెయిన్ కెర్నల్‌లనే ఉన్నది, కాన్ఫిగ్‌ల ఆన్ చెయ్యాలె. పాత కెర్నల్ బ్యాకప్ ఉంచుర్రి.

మన ఎండలకు జాగ్రత్త, పై 4 అయితే 80 డిగ్రీల కాడ స్పీడ్ తగ్గించుకుంటది, ఫ్యాన్ పెట్టి, లోడ్ ఇచ్చి సైక్లిక్‌టెస్ట్ (ఎంత లేటైతుందో కొలిచే టూల్) నడిపి సగటు లేటు కాదు మ్యాక్స్ చూడుర్రి, మోటర్ తర్వాతనే కలుపుర్రి.