లూయీ 16 కుర్చీయా? తిరగేసి చూడండి
పాత ఫర్నిచర్ అమ్మేవాళ్లు ‘లూయీ 16 (18వ శతాబ్దపు ఫ్రాన్స్ రాజు) కాలంనాటి ఫ్రెంచ్ కుర్చీ’ అంటే మొదట దాని కాళ్లు చూడండి. అంతకుముందు రాజు లూయీ 15 నాటి కాళ్లు వంపు తిరిగి ఉంటాయి. లూయీ 16 నాటి నియోక్లాసికల్ (పాత గ్రీకు, రోమన్ కళను అనుసరించిన) శైలి కాళ్లు మాత్రం నిటారుగా, కిందికి పోనుపోను సన్నబడతాయి, చాలావాటికి నిలువు గాడులుంటాయి. కాలు సీటు చట్రంలో కలిసే చోట చదరపు దిమ్మె, దాని మీద చెక్కిన పువ్వు.

అయితే ఇది శైలికి గుర్తే కానీ వయసుకు కాదు. 19వ శతాబ్దంలో ఇవే డిజైన్లు కుప్పలుతెప్పలుగా మళ్లీ చేశారు. అందుకే మొహమాటపడకుండా కుర్చీ తిరగేసి, టార్చి ఏటవాలుగా వేయండి. చట్రం లోపలి వైపు విల్లులా వంగిన రంపపు గీతలుంటే అది గుండ్రటి మెషిన్ రంపం పని, ఆ చెక్క తర్వాతి కాలానిదే. చేతి రంపం గీతలు తిన్నగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. తయారీదారు ముద్ర కనిపించిందని సంబరపడిపోకండి, ముద్రల్లోనూ నకిలీలున్నాయి.